నేమ్‌స్పేస్ పుట్టగానే నెట్‌వర్క్ ఎలా పుడుతుంది: ఎన్‌ఎస్‌ఎక్స్ మీద క్యూబర్నెటీస్ నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

క్యూబర్నెటీస్ అంటే కంటైనర్లలోని ప్రోగ్రాములను చాలా యంత్రాల మీద నడిపించే వ్యవస్థ. అది నేర్పేవారు నేమ్‌స్పేస్‌ను, అంటే అందులోని ఒక విభాగాన్ని, సాధారణంగా ఒక సంచితో పోలుస్తారు. ఈ జట్టు సరుకు ఈ సంచిలో, ఆ జట్టు సరుకు ఆ సంచిలో. మామూలు క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే యంత్రాల గుంపులో, ఆ పోలిక సరిపోతుంది. ఫ్లానెల్ వంటి సాదా నెట్‌వర్క్ ప్లగిన్ చిరునామాలను నోడ్ల (క్లస్టర్‌లోని యంత్రాల) లెక్కన పంచుతుంది: మొత్తానికి 10.244.0.0/16 ఇస్తే ఒక్కో నోడ్‌కు ఒక /24 ముక్క (గీత తరువాతి సంఖ్య పెరిగేకొద్దీ ముక్క చిన్నది). పాడ్, అంటే ప్రోగ్రాము నడిచే అతి చిన్న పొట్లం, ఏ నేమ్‌స్పేస్‌కు చెందిందో ఆ ప్లగిన్‌కు అక్కర్లేదు.

వీఎంవేర్ వారి సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ అయిన ఎన్‌ఎస్‌ఎక్స్ మీద, దాని కంటైనర్ ప్లగిన్ అయిన ఎన్‌సీపీతో నడిచే క్లస్టర్‌లో ఈ పోలిక మనల్ని ముంచుతుంది. అక్కడ నేమ్‌స్పేస్ సంచి కాదు, లేఅవుటు. తిరుచానూరు రోడ్డు వైపు లేఅవుట్లలో ముందు ఇళ్లు లేస్తాయి, మురుగుకాలువ తీరిగ్గా వస్తుంది. ఎన్‌సీపీ దీన్ని తిరగేస్తుంది. ఒక్క ఇల్లు కట్టకముందే రోడ్డు, కాలువ, గేటు, గేటుకు ఇంటి నంబరు అన్నీ వేసేస్తుంది. మనం టైపు చేసింది ఒక వరుస మాత్రమే కాబట్టి ఖర్చేమీ కాలేదనుకుంటాం. అక్కడే పొరపాటు.

నేను తిరుపతిలో ఉండి చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు తూకం, టోకెన్లు, రైతుల చెల్లింపుల ప్రోగ్రాములు నడిపే క్లస్టర్‌ను చూసుకుంటాను. ఇలాంటి క్లస్టర్ చేతికొచ్చినవారి కోసమే ఇది. ఎన్‌ఎస్‌ఎక్స్ మేనేజర్ (దాన్ని నడిపే కేంద్రం), ఎడ్జ్ నోడ్లు (బయటి నెట్‌వర్క్‌తో కలిపే యంత్రాలు), టియర్-0 గేట్‌వే (బయటికి దారితీసే పై రౌటర్) ఇప్పటికే ఉన్నాయనుకుని మొదలుపెడుతున్నాను. ఆదేశాలను తెలుగు లిపిలో రాశాను. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే.

ముందుగా: తెర వెనుక ఏం జరుగుతుంది

ఎన్‌సీపీ అన్నది క్లస్టర్‌లోనే నడిచే ఒక పాడ్. అది క్యూబర్నెటీస్ ఏపీఐ సర్వర్‌ను, అంటే ఆదేశాలన్నీ అందుకునే చోటును, కనిపెట్టుకుని ఉంటుంది. కొత్త నేమ్‌స్పేస్ వచ్చిందన్న కబురు అందగానే ఎన్‌ఎస్‌ఎక్స్ మేనేజర్‌కు వరుసగా పనులు చెబుతుంది. ముందు, మనం కేటాయించిన ఐపీ బ్లాక్ నుంచి ఒక సబ్‌నెట్, అంటే చిరునామాల ముక్క, కోస్తుంది. దానికో సెగ్మెంట్, అంటే వర్చువల్ స్విచ్, తయారుచేస్తుంది. దాన్ని టియర్-0 కింద ఉండే టియర్-1 రౌటర్‌కు తగిలిస్తుంది. పాడ్లు బయటి ప్రపంచంతో మాట్లాడేటప్పుడు ఏ చిరునామాతో కనిపించాలో ఆ ఎస్‌నాట్ చిరునామాను బయటి పూల్ నుంచి తీసి, నియమం రాస్తుంది.

టియర్-1 విషయంలో రెండు పద్ధతులున్నాయి. పాత పద్ధతిలో నేమ్‌స్పేస్‌కు ఒక టియర్-1 చొప్పున పుడుతుంది. ఎస్‌నాట్ నియమాలు టియర్-0 మీద కూర్చుంటాయి, అందువల్ల టియర్-0 యాక్టివ్-స్టాండ్‌బై రకం (ఒకటి పనిచేస్తుంటే ఇంకొకటి సిద్ధంగా ఉండేది) కావాలి. సింగిల్ టియర్ పద్ధతిలో క్లస్టర్ మొత్తానికి ఒకే టియర్-1; నేమ్‌స్పేస్‌లన్నీ తమ తమ సెగ్మెంట్లతో దానికే తగులుకుంటాయి, ఎస్‌నాట్ కూడా అక్కడే జరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను రెండోదే చెబుతాను. వందల రౌటర్లను తెర మీద చూసుకుని మురిసిపోవడం తప్ప మొదటి పద్ధతితో మా పరిమాణంలో వారికి ఒరిగేది ఏమీ లేదు.

ఎన్‌ఎస్‌ఎక్స్ లైసెన్సు భారం మోయలేనివారికి ఒక మాట. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక చిన్న సంస్థలు ముందు ఖర్చు లెక్క చూసుకోవాల్సిందే. ఓపెన్ సోర్స్‌లో క్యూబ్-ఓవీఎన్ ఉంది. అయితే అందులో సబ్‌నెట్ అనే వస్తువును మనమే తయారుచేసి, ఫలానా నేమ్‌స్పేస్‌లకు అని అందులో రాయాలి. రాయకపోతే కొత్త నేమ్‌స్పేస్ అందరితో పాటు 10.16.0.0/16 అనే ఉమ్మడి సబ్‌నెట్‌లోకి వెళుతుంది. నేమ్‌స్పేస్ పుట్టుకే మీట నొక్కినట్టు పనిచేయడం ఎన్‌సీపీ ప్రత్యేకత.

మొదటి అడుగు: కాగితం మీద లెక్క

ఈ అడుగును ఎవరూ వేయరు. నేనూ వేయలేదు. అందుకే ఎక్కువసేపు ఇక్కడే ఆగుతున్నాను.

రెండు ఖాతాలు వేరువేరుగా చూడాలి. మొదటిది లోపలి చిరునామాలు. ఐపీ బ్లాక్ /16 అయితే, ఒక్కో నేమ్‌స్పేస్‌కు ఎన్‌సీపీ మామూలుగా కోసే ముక్క /24 కాబట్టి, 256 సబ్‌నెట్లు వస్తాయి. ఒక్కో దాంట్లో 256 చిరునామాలు. నెట్‌వర్క్‌ది ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌ది ఒకటి, గేట్‌వేది ఒకటి తీసేస్తే 253 పాడ్లకు చోటు. మా తూకం ప్రోగ్రాముకు సీజన్ మండిపోతున్నప్పుడు కూడా 40 పాడ్లు దాటవు. అలాంటప్పుడు /24 ఇవ్వడమంటే ఇద్దరున్న కుటుంబానికి సత్రం మొత్తం రాసివ్వడమే. సబ్‌నెట్ ప్రిఫిక్స్‌ను 26కు మారిస్తే అదే బ్లాక్ నుంచి 1024 ముక్కలు, ముక్కకు 61 పాడ్లు. నేమ్‌స్పేస్‌కు ఇచ్చిన సబ్‌నెట్ నిండిపోతే ఎన్‌సీపీ ఇంకో సబ్‌నెట్, ఇంకో సెగ్మెంట్ తయారుచేసి తగిలిస్తుంది. కాబట్టి చిన్నగా మొదలుపెట్టినా పని ఆగదు. కానీ ఒక నేమ్‌స్పేస్‌కు ఒకే సబ్‌నెట్ ఉంటుందని నమ్మి బయటి ఫైర్‌వాల్‌లో నియమాలు రాసుకున్నవారు ఆ రోజున ఇబ్బంది పడతారు.

రెండోది బయటి చిరునామాలు. ప్రమాదం ఇక్కడ పొంచి ఉంటుంది. లోపలి చిరునామాలు ఎన్నయినా మనవే. బయటివి నెట్‌వర్క్ విభాగం లెక్కపెట్టి ఇస్తుంది. మా క్లస్టర్‌కు 20 ఇచ్చారు. నేమ్‌స్పేస్‌లు ఎన్ని కావాలని అడిగితే అయిదారు అన్నాను, కాబట్టి 20 అంటే ధారాళం అనిపించింది.

లెక్క ఇలా కరిగింది. క్లస్టర్ పుట్టుకతోనే డిఫాల్ట్, క్యూబ్-సిస్టం, క్యూబ్-పబ్లిక్, క్యూబ్-నోడ్-లీజ్ అని నాలుగు నేమ్‌స్పేస్‌లు వస్తాయి. ఎన్‌సీపీ తన కోసం ఎన్‌ఎస్‌ఎక్స్-సిస్టం అని ఇంకొకటి పెట్టుకుంటుంది. అంటే మేం పని మొదలుపెట్టకముందే అయిదు పోయాయి. లోడ్ బ్యాలెన్సర్ రకం సర్వీసులకూ (బయటి నుంచి వచ్చే పనిని పాడ్లకు పంచేవాటికీ) చిరునామాలు అదే పూల్ నుంచి వెళ్లాయి, అవి ఆరు. మిగిలిన తొమ్మిదిలో మా సొంత ప్రోగ్రాములు అయిదు తీసుకున్నాయి. ఇక ‘టెస్ట్’, ‘టెస్ట్-2’, ‘టెస్ట్-కొత్త’, ‘తాత్కాలికం’ అని కుర్రాళ్లు తయారుచేసి మరిచిపోయిన నాలుగు నేమ్‌స్పేస్‌లు మిగతావి మింగేశాయి.

జూన్ నెలలో ఒక సాయంత్రం తోతాపురి దిగుమతి పెరిగి, ఒక ఫ్యాక్టరీ రెండో ర్యాంపు తెరిచింది. ఆ ర్యాంపు కాటాకు వేరే నేమ్‌స్పేస్ పెట్టాం. నేమ్‌స్పేస్ తయారైందని క్యూబర్నెటీస్ చక్కగా జవాబిచ్చింది. పాడ్లు మాత్రం ‘కంటైనర్‌క్రియేటింగ్’ దగ్గరే నిలబడిపోయాయి. అరగంట పాటు ఇమేజ్ డౌన్‌లోడ్ కాలేదేమోనని వెతికాను. బయట ట్రాక్టర్లు, చేత్తో రాసిన కాటా చీటీలు, ఫోను మీద ఫోను. చివరికి ఎన్‌సీపీ లాగ్ తెరిస్తే, బయటి పూల్‌లో చిరునామాలు లేవని అది అప్పటికే పదేపదే మొరపెట్టుకుంటోంది. ఎవరూ చదవని నామఫలకంగల ఒక ‘టెస్ట్-2’ను తీసేయగానే, నిమిషాల్లో రెండో కాటా లేచింది.

ఆ రాత్రి నేర్చుకున్న సూత్రం: బయటి పూల్‌లో కావాల్సినవి ఎన్నంటే, మొదటి అయిదు, మీ నేమ్‌స్పేస్‌లు, పరీక్షల కోసం పుట్టేవి, ఆపైన సగం. లోడ్ బ్యాలెన్సర్ల కోసం వేరే పూల్ పెట్టుకోవచ్చు. ఆకృతీకరణలో ‘ఎక్స్‌టర్నల్ ఐపీ పూల్స్ ఎల్‌బీ’ అనే అంశం దీనికే ఉంది. రెండు ఖాతాలనూ కలిపి ఉంచకండి.

రెండో అడుగు: ఆకృతీకరణ, నోడ్లకు చీటీలు

ఎన్‌సీపీ ఆకృతీకరణ మొత్తం ఎన్‌ఎస్‌ఎక్స్-సిస్టం నేమ్‌స్పేస్‌లోని ఒక కాన్ఫిగ్‌మ్యాప్‌లో, అంటే సెట్టింగుల పట్టికలో, ఉంటుంది. అందులో తప్పనిసరిగా చూసుకోవాల్సినవి: క్లస్టర్ పేరు, ఓవర్‌లే ట్రాన్స్‌పోర్ట్ జోన్ (సెగ్మెంట్లు పరుచుకునే పరిధి), టియర్-0 గేట్‌వే, కంటైనర్ ఐపీ బ్లాక్, బయటి పూళ్లు, సబ్‌నెట్ ప్రిఫిక్స్, సింగిల్ టియర్ కావాలా వద్దా. మార్చిన తరువాత ఎన్‌సీపీ పాడ్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. సబ్‌నెట్ ప్రిఫిక్స్ మార్పు అప్పటికే పుట్టినవాటిని తాకదు, ఇకముందు పుట్టేవాటికే వర్తిస్తుంది. పుట్టుకలోనే అన్నీ ఖాయమైపోతాయన్న మాటను ఈ వ్యవస్థ అడుగడుగునా గుర్తుచేస్తుంది.

తరువాత, క్లస్టర్ నోడ్లుగా పనిచేసే వర్చువల్ మెషీన్ల పోర్టులకు ట్యాగులు కట్టాలి. ఎన్‌ఎస్‌ఎక్స్ మేనేజర్‌లో ఆ నోడ్ నెట్‌వర్క్ కార్డుకు సంబంధించిన పోర్టును వెతికి రెండు ట్యాగులు ఇవ్వండి: ‘ఎన్‌సీపీ/నోడ్_నేమ్’ స్కోపులో నోడ్ పేరు, ‘ఎన్‌సీపీ/క్లస్టర్’ స్కోపులో క్లస్టర్ పేరు. నోడ్ పేరు క్యూబర్నెటీస్‌లో కనిపించే పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఈ ట్యాగు లేని నోడ్ మీద పాడ్లు లేవవు, పక్క నోడ్ల మీద లేస్తాయి. ‘కొన్ని పాడ్లు వస్తాయి, కొన్ని రావు’ అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది, ఈమధ్య కొత్త నోడ్ కలిపారా అని.

మూడో అడుగు: కాపలాదారు మెలకువగా ఉన్నాడా

‘క్యూబ్‌సీటీఎల్ గెట్ పాడ్స్ -ఎన్ ఎన్‌ఎస్‌ఎక్స్-సిస్టం’ అని అడగండి. ఎన్‌సీపీ పాడ్, ప్రతి నోడ్ మీదా ఒక నోడ్-ఏజెంట్ పాడ్ నడుస్తూ ఉండాలి. నడుస్తున్నంత మాత్రాన సరిపోదు. నోడ్-ఏజెంట్ పాడ్‌లోకి వెళ్లి ఎన్‌ఎస్‌ఎక్స్‌సీఎల్‌ఐ అనే ఆదేశంతో నోడ్-ఏజెంట్-హైపర్‌బస్ స్థితి అడగాలి. ‘హెల్దీ’ అని రావాలి. హైపర్‌బస్ అన్నది నోడ్‌కూ దాన్ని మోసే హైపర్‌వైజర్‌కూ (వర్చువల్ మెషీన్లను నడిపే అసలు సర్వర్‌కూ) నడుమ ఉన్న కబురు దారి. అది మూసుకుంటే ఎన్‌ఎస్‌ఎక్స్ మేనేజర్‌లో సెగ్మెంట్లు చక్కగా కనిపిస్తాయి, పాడ్లకు మాత్రం చిరునామా అందదు.

ఎన్‌సీపీ ఆగిపోతే ఏమవుతుందని చాలామంది భయపడతారు. అప్పటికే నడుస్తున్న పాడ్ల రాకపోకలకు ఏమీ కాదు. ప్యాకెట్లను మోసేది హైపర్‌వైజర్లు. కొత్తవి మాత్రం పుట్టవు.

నాలుగో అడుగు: నేమ్‌స్పేస్‌ను పుట్టించి, దగ్గరగా చూడటం

పేరు ముందే తేల్చుకోండి. 63 అక్షరాలకు మించకూడదు. చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత మాత్రమే. తరువాత పేరు మార్చడం కుదరదు.

‘క్యూబ్‌సీటీఎల్ క్రియేట్ నేమ్‌స్పేస్ తూకం’ అని కొట్టి, వెంటనే ఎన్‌ఎస్‌ఎక్స్ మేనేజర్ తెర మీద సెగ్మెంట్ల జాబితాను తాజా చేయండి. క్లస్టర్ పేరూ నేమ్‌స్పేస్ పేరూ కలిసిన ఒక కొత్త సెగ్మెంట్ కనిపిస్తుంది. దాని ట్యాగులు తెరిస్తే ‘ఎన్‌సీపీ/క్లస్టర్’, ‘ఎన్‌సీపీ/ప్రాజెక్ట్’ అని ఉంటాయి. ఎన్‌సీపీ భాషలో ప్రాజెక్ట్ అంటే మన నేమ్‌స్పేసే. గేట్‌వే చిరునామా చూడండి. తరువాత నాట్ నియమాల్లోకి వెళ్లండి: మూలం మన సబ్‌నెట్, మారే చిరునామా బయటి పూల్‌లోది. పూల్‌లో వాడినవాటి సంఖ్య ఒకటి పెరిగి ఉంటుంది. ఈ నాలుగింటినీ మొదటిసారి కళ్లారా చూసుకుంటే, ‘సంచి’ అన్న మాట నోట్లోంచి మళ్లీ రాదు.

ఇప్పుడు అందులో ఒక చిన్న పాడ్ పెట్టండి. ఇక్కడ జరిగేది నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటగా ఉంటుంది. ఎన్‌సీపీ ఆ సెగ్మెంట్ మీద పాడ్ కోసం ఒక పోర్టు తయారుచేసి, ఐపీ, మ్యాక్ చిరునామాలతో పాటు ఒక వీల్యాన్ సంఖ్య ఇస్తుంది. నోడ్-ఏజెంట్ ఆ సంఖ్యతో పాడ్‌ను నోడ్‌లోని సాఫ్ట్‌వేర్ స్విచ్ అయిన ఓపెన్ వీస్విచ్‌కు కలుపుతుంది. నోడ్ అనే ఒకే వర్చువల్ మెషీన్ నుంచి ఒకే నెట్‌వర్క్ కార్డు గుండా డజను పాడ్ల ప్యాకెట్లు బయటికి వస్తాయి. ఏది ఎవరిదో హైపర్‌వైజర్ గుర్తుపట్టేది ఈ వీల్యాన్ సంఖ్యతోనే. ఆ సంఖ్యకు ఆ నోడ్ దాటితే విలువ లేదు. మా ర్యాంపు దగ్గర ట్రాక్టరుకు ఇచ్చే టోకెను కూడా అంతే: ఈ గేటులో 7 అంటే ఈ రైతు, పక్క ఫ్యాక్టరీ గేటులో 7 అంటే మరెవరో.

అయిదో అడుగు: ఎస్‌నాట్ వద్దనుకుంటే

బ్యాంకు వైపు సర్వర్ ఒక్కో పాడ్ అసలు చిరునామానే చూడాలని పట్టుబడితే ఎస్‌నాట్ తీసేయాలి. అందుకు నేమ్‌స్పేస్‌ను వర్ణించే యామల్ ఫైలులో అనోటేషన్ల (అదనపు గుర్తుల) కింద ‘ఎన్‌సీపీ/నో_స్నాట్’కు కొటేషన్లలో ‘ట్రూ’ అని రాయండి. కొటేషన్లు లేకపోతే ఏపీఐ సర్వర్ ఒప్పుకోదు; అనోటేషన్ విలువ ఎప్పుడూ అక్షరాల వరుసే (స్ట్రింగే) కావాలి. ఇది పుట్టేటప్పుడే రాయాల్సిన మాట. పుట్టాక గుర్తొస్తే నేమ్‌స్పేస్‌ను తీసేసి మళ్లీ తయారుచేయడమే మేలు.

అప్పుడు బయటి పూల్ చిరునామా ఖర్చు కాదు గానీ, పాడ్ల సబ్‌నెట్ సంస్థ నెట్‌వర్క్‌లో అందరికీ కనిపిస్తుంది. అందుకే ‘నో స్నాట్ ఐపీ బ్లాక్స్’ అని వేరే బ్లాక్ ఇవ్వండి. ఇవ్వకపోతే మామూలు బ్లాక్ నుంచే కోస్తుంది. అదే శ్రేణి సంస్థలో ఇంకెక్కడైనా వాడుతుంటే గొడవ మొదలవుతుంది.

ఆరో అడుగు: ప్యాకెట్ పరిమాణం

పాడ్ నుంచి పింగ్ వెళుతుంది, వెబ్ పేజీ మాత్రం సగంలో ఆగిపోతుంది. ఇది ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) జబ్బు. హైపర్‌వైజర్ల మధ్య ప్యాకెట్లు జెనీవ్ అనే తొడుగులో ప్రయాణిస్తాయి. లోపల 1500 బైట్లు ఉంటే తొడుగుతో కలిపి అంతకన్నా పెద్దదవుతుంది. భౌతిక స్విచ్‌లలో కనీసం 1600 ఉండాలి. పరీక్ష సులువు: వేరువేరు హైపర్‌వైజర్ల మీద ఉన్న రెండు పాడ్ల మధ్య, ముక్కలు చేయొద్దన్న షరతుతో 1472 బైట్ల పింగ్ పంపండి. పోతే సరే, లేకపోతే స్విచ్ చూసేవారిని పిలవండి.

ఏడో అడుగు: కంచె వేయడం

సబ్‌నెట్ వేరైనంత మాత్రాన నేమ్‌స్పేస్‌లు ఒకదానికొకటి కనిపించకుండా పోవు. క్యూబర్నెటీస్ నియమం ప్రకారం, నెట్‌వర్క్‌పాలసీ (ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో చెప్పే నియమం) పెట్టేదాకా ప్రతి పాడూ ప్రతి పాడ్‌తో మాట్లాడవచ్చు. మా ‘టెస్ట్’ నేమ్‌స్పేస్‌లోంచి రైతుల చెల్లింపుల డేటాబేస్‌కు దారి తెరిచే ఉందని తెలిసిన రోజున నాకు చెమటలు పట్టాయి.

ముందు నేమ్‌స్పేస్‌లో అన్ని పాడ్లకూ రాకపోకలు రెండూ మూసే ఒక పాలసీ పెట్టండి. వెంటనే డీఎన్‌ఎస్ (పేర్లను చిరునామాలుగా మార్చే సేవ) కోసం 53వ పోర్టుకు యూడీపీ, టీసీపీ రెండింటిలోనూ బయటికి అనుమతి ఇవ్వండి. ఇది మరిచిపోతే ప్రోగ్రాములు పేర్లు దొరకక ఒకదాని తరువాత ఒకటి పడిపోతాయి, తప్పు డేటాబేస్ మీదికి వెళుతుంది. ఆ తరువాత అవసరమైన దారులను ఒక్కొక్కటిగా తెరవండి. ఎన్‌సీపీ వీటిని ఎన్‌ఎస్‌ఎక్స్ డిస్ట్రిబ్యూటెడ్ ఫైర్‌వాల్ (ప్రతి పోర్టు దగ్గరా కాపలా కాసే ఫైర్‌వాల్) నియమాలుగా మారుస్తుంది. అక్కడికి వెళ్లి చూడండి, కానీ చేతులు పెట్టకండి. మార్పు ఏదైనా క్యూబర్నెటీస్ వైపు నుంచే జరగాలి.

చివరి అడుగు: తీసేయడం

‘క్యూబ్‌సీటీఎల్ డిలీట్ నేమ్‌స్పేస్’ అనగానే లోపలి పాడ్లు, సర్వీసులు పోయి, ఎన్‌సీపీ వెనకనుంచి పోర్టులు, సెగ్మెంట్, నాట్ నియమం అన్నీ తీసేసి చిరునామాలను పూల్‌కు తిరిగిస్తుంది. ‘టెర్మినేటింగ్’ దగ్గర ఆగిపోతే చాలామంది చేసే పని ఫైనలైజర్‌ను (శుభ్రం పూర్తయ్యేదాకా తీసివేతను ఆపే గుర్తును) బలవంతంగా చెరిపేయడం. అది చేయకండి. లోపల ఏ వస్తువు పోలేదో ముందు వెతకండి. నేమ్‌స్పేస్ వివరాల్లో కారణం రాసి ఉంటుంది. ఎన్‌సీపీ పడిపోయి ఉంటే దాన్ని లేపండి.

ఎన్‌ఎస్‌ఎక్స్ తెర మీద మిగిలిపోయిన సెగ్మెంట్‌ను చేత్తో తీసేద్దామంటే అడ్మిన్ ఖాతాకు కూడా అనుమతి లేదంటుంది. అది లోపం కాదు. ఎన్‌సీపీ తన సొంత గుర్తింపుతో తయారుచేసినవాటిని మనం తెలియక చెరపకుండా పెట్టిన తాళం అది. తాళం విరగ్గొట్టే దారి ఏపీఐలో ఉంది, అయితే ఆ సబ్‌నెట్ ఇంకా ఎవరిదో అని ఎన్‌సీపీ నమ్ముతూ ఉంటే కొత్త చిక్కు తెచ్చుకున్నట్టే.

తీసేశాక బయటి పూల్ తెరిచి, వాడినవాటి సంఖ్య ఒకటి తగ్గిందో లేదో చూడండి. మా ఆఫీసులో ఇప్పుడు ప్రతి శనివారం మధ్యాహ్నం ఒకరు ఆ సంఖ్యను బోర్డు మీద రాస్తారు. పోయిన వారం 20లో 14 అని ఉంది. పక్కన ఎవరో ‘టెస్ట్-3 ఎవరిది?’ అని రాసి వెళ్లారు. ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.